రూబెన్ కోసం దాచిన మాట

ఇంగ్లండులో మా కొండపల్లె విడ్డన్‌కూంలో ఎవరికైనా కొడవలి తగిలి నెత్తురు కారితే ముందు డాక్టరు కోసం పరుగెత్తేవారు కాదు, మా అమ్మమ్మ కోసం పరుగెత్తేవారు. డాక్టరు ఉండేది కొండ కింద పట్నంలో. ఆయన కారు వేసవిలో కూడా మా కొండ ఎక్కలేక మూలుగుతూ వచ్చేది. అమ్మమ్మయితే చర్చి వెనక సందులో, వంటింట్లో బంగాళాదుంపల చెక్కు తీస్తూ ఎప్పుడూ అందుబాటులో ఉండేది.

ఆవిడ గాయం చూడనక్కర్లేదు. గాయపడ్డ మనిషి రానక్కర్లేదు. పేరు చెబితే చాలు, అదీ బాప్తిజంలో పెట్టిన పూర్తి పేరు. చేతిలో కత్తి పక్కన పెట్టి, వెనక గుమ్మం దాకా వెళ్ళి, ఊరి వెనక కొండబీడు వైపు తిరిగి పెదవులు కదిపేది. ఒక్క అక్షరం కూడా బయటికి వినపడేది కాదు. మళ్ళీ వచ్చి కత్తి అందుకుని, "ఇంటికి పో, ఆగిపోయుంటుంది. పోతూ పోతూ గేటు వెయ్యి, కోళ్ళు బయటపడతాయి" అనేది.

నిజంగా ఆగేదా అని ఇప్పటివాళ్ళు నన్నడుగుతారు, పెదవి చివర నవ్వు దాచుకుని. ఆగేది. నేను చూశాను. ఎందుకు ఆగేదంటే నాకు తెలియదు, వాళ్ళకీ తెలియదు. ఆ విషయంలో ఇద్దరం సమానమే.

దాన్ని మేం మంత్రం అనేవాళ్ళం కాదు, పాస్టరుగారికి కోపం వచ్చేది. "మాట" అనేవాళ్ళం. మా అమ్మమ్మ కెజియా దగ్గర మాట ఉంది, అంతే. ఆ మాటకి కొన్ని పట్టింపులుండేవి. ఆడదాని నుంచి మగవాడికి, మగవాడి నుంచి ఆడదానికి మాత్రమే వెళ్ళాలి. ఒకరికి చెప్పేశాక చెప్పినవాళ్ళ దగ్గర ఇక పనిచేయదు. నెత్తురు ఆపమని అడిగినవాళ్ళని కాదనకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, దానికి ఎవరూ థాంక్స్ చెప్పకూడదు. చెప్పారో, ఆగిన నెత్తురు మళ్ళీ మొదలవుతుంది. అందుకని మా ఊళ్ళో మహా మొరటువాళ్ళు కూడా అమ్మమ్మ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకుని, నోరు గట్టిగా బిగించి, గుటకలు మింగుతూ వెనక్కి వెళ్ళిపోయేవారు. మర్నాడు మా గోడమీద గుడ్లో, వెన్నముద్దో కనపడేవి. ఎవరు పెట్టారని మేం అడిగేవాళ్ళం కాదు.

నేనప్పుడు పోస్టాఫీసులో పనిచేసేదాన్ని. ఊరంతటికీ ఫోను అక్కడే ఉండేది. దూరపు ఫారాల నుంచి వచ్చే పేర్లు ముందు నా చెవినే పడేవి. స్టాంపుల సొరుగుకి తాళం వేసి, దారంతా ఆ పేరు మరిచిపోకుండా గొణుక్కుంటూ, సందులో పరుగు పెట్టేదాన్ని. ఆ మాట నాకే రావాలని ఎంత ఆశగా ఉండేదో! అడిగితే అమ్మమ్మ నవ్వేది.

"నువ్వు ఆడపిల్లవి కదే ఐవీ. మీ మావయ్యని రానీ. వాడికి చెప్తా, వాడు నీకు చెప్తాడు."

మావయ్య అంటే రూబెన్, మా అమ్మ తమ్ముడు. యుద్ధంలో బర్మా అడవుల్లోకి వెళ్ళాడు. జాడ తెలియడం లేదని తంతి వచ్చింది. ఆ తర్వాత ఇంకేమీ రాలేదు. యుద్ధం అయిపోయింది, రేషన్ కార్డులు పోయాయి, ఊళ్ళోకి కరెంటు కూడా వచ్చింది. రూబెన్ మాత్రం రాలేదు. ఆయన ఇక లేడన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మమ్మ ముందు ఆ వాక్యం ఎవరూ పూర్తి చేసేవారు కాదు.

మా నాన్న విల్ఫ్రెడ్‌ది ప్లిమత్. బీడు మీదుగా తిరిగే పల్లె బస్సు నడిపేవాడు. ఓడరేవులో పుట్టి పెరిగినవాడు కదా, మా ఊరి పట్టింపులన్నీ ఆయనకి వినోదం. భోజనాల దగ్గర అత్తగారిని కదపకపోతే ముద్ద దిగేది కాదు.

"అత్తా, నా బస్సు వెనక టైరులో గాలి దిగిపోతోంది. దానికేమైనా మాట ఉందా?"

"దాని బాప్తిజం పేరేంటో చెప్పు అబ్బాయ్, చూద్దాం."

"ఈ ఊళ్ళో డాక్టరు అడుక్కు తింటాడత్తా నీవల్ల."

"ముందు నువ్వా క్యాబేజీ తిను. నోరు కాసేపు ఖాళీ లేకుండా ఉంటుంది."

ఇద్దరికీ ఆ ఎకసెక్కాలు ఇష్టమే అనుకుంటాను. ఆ వంటింటి వేడి, తడి కోట్ల వాసన, వాళ్ళిద్దరి వాదన, వింటూ విననట్టుండే మా అమ్మ హెస్టర్. ఇప్పుడు ఎవరైనా నాకు ఏం కావాలని అడిగితే అదే అడుగుతాను, ఇంకేమీ వద్దు.

ఒక పొద్దున నేను తొందరగా లేచి కిందికి వస్తే, ఇంకా పొయ్యి కూడా వెలిగించకముందే అమ్మమ్మ వెనక గుమ్మంలో నిలబడి పెదవులు కదుపుతోంది. ఫోనేమీ రాలేదే అనుకున్నాను.

"ఎవరికమ్మమ్మా?"

"ఇంకెవరికి, రూబెన్‌కే." అదేదో ఉడుకునీళ్ళ కెటిల్ సంగతన్నట్టు చెప్పింది. "ఎక్కడ పడున్నాడో, ఏం గుచ్చుకుందో. ఆ అడవిలో వాడి పేరు చెప్పేవాళ్ళెవరున్నారే? రోజూ పొద్దున్నే చెప్తే, వాడి నెత్తురు వాడి ఒంట్లోనే ఉంటుంది."

ఆ తంతి వచ్చినప్పటి నుంచి ఒక్క పొద్దు కూడా మానలేదట. నేను గుమ్మం దగ్గరే నిలబడితే, "చలి లోపలికొస్తోంది, తలుపెయ్యి" అని పొయ్యి దగ్గరికి పోయింది.

ఆ ఏడాదే, బీడు మీద ఫెర్న్ మొక్కలు ఎర్రబారే ఆకురాలు కాలంలో అమ్మమ్మకి మతిమరుపు మొదలైంది. టీలో ఉప్పు వేసేది. ఎప్పుడో అమ్మేసిన ఆవుని పాలు పితకాలని చెంబుతో బయల్దేరేది. మేం నవ్వేవాళ్ళం, తనూ నవ్వేది. తర్వాత ఒకరోజు మిల్లు దగ్గరి ఫారం నుంచి ఫోనొచ్చింది. గడ్డి కోసే కత్తి ఎవరి తొడలోనో దిగింది. నేను పేరు పట్టుకుని పరుగెత్తాను. అమ్మమ్మ వెనక గుమ్మంలోకి వెళ్ళింది. పెదవులు కదిలాయి. ఆగిపోయాయి. మళ్ళీ మొదట్నుంచి కదిలాయి. మళ్ళీ అక్కడే ఆగాయి.

ఆవిడ వెనక్కి తిరిగింది.

"డాక్టరుకి ఫోన్ చెయ్యి ఐవీ," అంది. "తొందరగా."

ఆ మనిషి బతికాడు, డాక్టరు కుట్లు వేశాడు. సాయంత్రం కప్పులు కడుగుతుంటే అమ్మమ్మ "వచ్చింది!" అని అరిచింది. మిగిలిన భాగం గుర్తొచ్చిందన్నమాట. కానీ అప్పటి నుంచి భయం పట్టుకుంది. రోజంతా కొంగులా యాప్రాన్ నోటికి అడ్డం పెట్టుకుని లోపల్లోపల వల్లె వేసుకునేది.

ఇలాంటివి ఊళ్ళో దాగవు. పక్కింటి పెర్ల్ ఎండకాట్ మర్నాడే వచ్చి కూర్చుంది. ఆవిడ గొంతు సందు చివరిదాకా వినపడేది.

"కెజియా అత్తా, మాట ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యి. మన పోస్టుమాన్ మంచివాడు. లేదంటే చర్చి గంటలు కొట్టే జెత్రో ఉన్నాడు. తాగుతాడనుకో, కానీ రహస్యం దాస్తాడు."

"అది రూబెన్‌ది," అంది అమ్మమ్మ.

"రూబెన్ వచ్చేలోపు మేమంతా నెత్తురు కక్కుకుని చావాలా?"

"అది రూబెన్‌దన్నానా!"

పెర్ల్ వెళ్ళాక మా అమ్మ మెల్లగా అంది. "అమ్మా, ఇలాగైతే అది నీతోనే పోతుంది."

"పోతే పోనీవే. ఇంకొకడికి ఇచ్చేస్తే నా దగ్గర పనిచెయ్యదు. తర్వాత నా కొడుక్కి పొద్దున్నే ఎవరు చెప్తారు? పోస్టుమాన్ చెప్తాడా? జెత్రో చెప్తాడా, మత్తు దిగాక?"

నాన్న రొట్టెకి వెన్న రాసుకుంటున్నాడు. ఏదో ఒకటి అంటాడని నేను ఎదురు చూశాను. వెన్న రాయడం ఆపి, మా అమ్మమ్మ వైపు చాలాసేపు చూశాడు.

చలికాలం వచ్చేసరికి ఆవిడ మంచం పట్టింది. ముందుగదిలో కిటికీ పక్కన పడుకోబెట్టాం. పొద్దున్నే మాత్రం పట్టుబట్టి మా చేత వెనక గుమ్మం దాకా నడిపించుకునేది. ఒక మధ్యాహ్నం నాన్న బస్సు దిగి, డ్రైవరు యూనిఫాం కోటూ టోపీతోనే బొగ్గుల బకెట్ పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాడు. అమ్మ చారు గిన్నెతో గుమ్మంలో ఉంది, నేను ఆమె వెనక ఉన్నాను. అమ్మమ్మ కళ్ళు తెరిచింది. కిటికీ వెలుగులో ఆ టోపీనీ, కోటు గుండీలనీ చూసింది.

"రూబెన్?"

నాన్న కంగారుపడ్డాడు. "నేనత్తా. విల్ఫ్‌ని."

"ఎంత చిక్కిపోయావురా నాన్నా," అంది అమ్మమ్మ. మా నాన్న కోటు గుండీలు పెట్టుకుంటే ఊపిరాడనంత లావు. "ఇంత ఆలస్యం చేస్తావా? జారిపోతోందిరా నా దగ్గర్నుంచి. సగం సగం పోతోంది. నీకోసమే గట్టిగా పట్టుకుని కూర్చున్నా. ఆడవాళ్ళని బయటికి పంపి తలుపెయ్యి."

నాన్న మా అమ్మ వైపు చూశాడు. ఏం చెయ్యమంటావన్నట్టు చూశాడు. ఆయన బకెట్ కింద పెట్టాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అలాగేనమ్మా," అన్నాడు.

అంతవరకూ ఆవిడని ఆయన ఎప్పుడూ అమ్మా అనలేదు. తలుపు మూసుకుంది.

మేమిద్దరం మెట్లమీద కూర్చున్నాం. "ఈయనకి మధ్యలో నవ్వొస్తే ఎలాగే," అంది అమ్మ ఏడుస్తూనే. లోపలి నుంచి నవ్వేమీ వినపడలేదు. చారు చల్లారిపోయింది. చివరికి నాన్న బయటికి వచ్చి, పెరట్లోకి వెళ్ళి, ఆ చలిలో కుళాయి కింద తల పెట్టాడు.

"ఏం చెప్పింది విల్ఫ్?" అని అడిగింది అమ్మ.

"నీకు చెప్తే పోతుందిగా," అన్నాడు నాన్న, తల తుడుచుకుంటూ. అమ్మ నిర్ఘాంతపోయింది. ఆయన మా ఊరి పట్టింపు ఒకటి పాటించడం అదే మొదలు. "తీసుకోకుండా ఉండాల్సింది హెస్టర్. అది నాది కాదు. కానీ ఆవిడని చూస్తూ కాదని ఎలా అంటాను?"

అమ్మమ్మ మాత్రం మర్నాటి నుంచి మహా ఉషారు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది, రూబెన్ వచ్చాడు, మాట ఇచ్చేశాను అని. వెనక గుమ్మానికి తీసుకెళ్ళమని మరి మమ్మల్ని అడగలేదు. వాడు ఇంట్లోనే ఉన్నాడుగా, ఇంకేం భయం అంది.

పబ్‌లో వారం పొడుగునా దీనిమీదే వాదన. చెవి విల్ఫ్‌ది, పేరు రూబెన్‌ది. మాట చెవిని బట్టి వెళ్తుందా, పేరుని బట్టి వెళ్తుందా? పేరుని బట్టే వెళ్తుందని జెత్రో బల్ల గుద్దాడు. లేకపోతే బాప్తిజం పేరు ఎందుకడుగుతారన్నాడు. "అయితే నెత్తురొచ్చినప్పుడల్లా బర్మాకి ఫోన్ చేయమంటావా?" అని పెర్ల్ ఆయన మీద విరుచుకుపడింది. నాన్న ఓ మూల తన గ్లాసు వైపే చూస్తూ కూర్చున్నాడు. అన్నేళ్ళు అందరినీ ఆటపట్టించినవాడు, పాపం, ఎవరి మొహం చూడలేకపోయాడు.

ఆ వాదన తీర్చింది పెర్ల్ మొగుడే. ఆయన్ని ఊరంతా స్పడ్, అంటే బంగాళాదుంప, అనేవారు. కంచె కొమ్మలు నరుకుతుంటే కత్తి జారి మణికట్టు తెగింది. పెర్ల్ పరుగెత్తుకొచ్చేసరికి మేం భోజనాల దగ్గరున్నాం. ఆవిడ ఒంటిమీదంతా నెత్తురే. అంత గొంతున్న మనిషి గుసగుసగా అడిగింది.

"విల్ఫ్, నీ దగ్గర ఉందా లేదా?"

నాన్న ఫోర్కు కింద పెట్టాడు. ఆయన మెడ ఎర్రబడింది. అమ్మమ్మ ముందుగదిలో నిద్రపోతోంది, ఆవిడ దగ్గర ఇక ఏమీ లేదు. వంటింట్లో మేమంతా ఆయన్నే చూస్తున్నాం.

"పేరు?" అన్నాడు.

"స్పడ్. తెలీదా ఏంటి?"

"బాప్తిజం పేరు, పెర్ల్."

పెర్ల్ ఒకసారి మా అందరి వైపూ చూసి, తల దించుకుని, "మార్మడ్యూక్" అంది.

ఇంకెప్పుడైనా అయితే నాన్న ఆ జమీందారీ పేరుతో బస్సంతా నెల్లాళ్ళు నవ్వించేవాడు. ఆ రోజు మొహంలో ఏమీ కదల్లేదు. లేచి వెనక గుమ్మంలోకి వెళ్ళి, బీడు వైపు తిరిగాడు. మాకు ఆయన వీపే కనపడింది. తిరిగి వచ్చి, "ఇంటికి పో," అన్నాడు. ఆగిపోయుంటుందని మాత్రం అనలేకపోయాడు. కూర్చున్నాడు గానీ తినలేదు.

పెర్ల్ తన ఇంటి గుమ్మం చేరేసరికే ఆగిపోయిందట. స్పడ్ తమ్ముడు తువ్వాలు గట్టిగా కట్టిన మాట కూడా నిజమే, నేను దాచను. సాయంత్రం పెర్ల్ మా గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. నాన్న బయటికి వెళ్ళాడు. పెర్ల్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అలా నిలబడి, నిలబడి, ఒక్క ముక్క అనకుండా వెళ్ళిపోయింది. నాన్న లోపలికి వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాడు. "జన్మలో నాకెవరూ ఇంత బాగా థాంక్స్ చెప్పలేదే," అన్నాడు అమ్మతో.

ఆ చలికాలమంతా ఆయన రూబెనే. రూబెన్‌కి ఇష్టమని అమ్మమ్మ ఉల్లిపాయలతో పేగుల కూర వండించేది. నాన్నకి ఆ వాసనే పడదు. అయినా ఆవిడ మంచం పక్కన కూర్చుని, కళ్ళనీళ్ళు తిరుగుతుంటే ప్లేటు ఖాళీ చేసేవాడు. బర్మాలో వానలెలా ఉంటాయని అడిగితే, అక్కడ పనిచేసి వచ్చిన ఓ ప్రయాణికుడి దగ్గర కనుక్కొచ్చి మరీ చెప్పేవాడు. వసంతంలో, గొర్రెపిల్లలు పుట్టే రోజుల్లో అమ్మమ్మ పోయింది. కొడుకు చెయ్యి పట్టుకునే పోయింది.

సమాధి చేసి వచ్చిన మర్నాడు పొద్దున, మొదటి బస్సుకి బయల్దేరబోతూ నాన్న వెనక గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఎవరికని నేను అడగలేదు, నాకు తెలుసు. ఆయనే అన్నాడు, "ఆవిడ ఇన్నేళ్ళు చేసింది కదా, మానేస్తే ఎలా?" ఆ తర్వాత ఎప్పుడూ మానలేదు. మాట కోసం వచ్చినవాళ్ళతో ఎప్పుడూ ఒకటే అనేవాడు, "ఇది నాది కాదు, మా బావమరిదిది. నేను చూసి పెడుతున్నానంతే."

ఇప్పుడు మా పోస్టాఫీసు లండనువాళ్ళ సెలవుల ఇల్లయింది. కింద పట్నంలో ఆసుపత్రి ఉంది, మంచిదే, నాకు జబ్బు చేస్తే అక్కడే నయమైంది. అక్కడ అందరూ అన్నిటికీ థాంక్స్ చెప్తారు, తలుపు తీసినా, కుర్చీ జరిపినా. నోరు బిగపట్టుకుని గేటు దగ్గర నిలబడే ఆ మర్యాద ఎక్కడా కనపడదు. దానికోసం నాకు బెంగగా ఉంటుంది, ఏం దాచుకోవాలి.

అమ్మ పోయిన కొన్నేళ్ళకి నాన్న ఊపిరితిత్తులు పాడయ్యాయి. అదే ముందుగది, అదే కిటికీ. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి తలుపు వెయ్యమన్నాడు. జీవితమంతా కోరుకున్నది వస్తోందని తెలిసి గుమ్మంలోనే ఆగిపోయాను. చెప్పేశాడంటే ఇక వెళ్ళిపోవడానికి సిద్ధమైనట్టే కదా.

"ఇప్పుడే వద్దు నాన్నా."

"ఇప్పుడే. ఒక చిక్కుందమ్మాయ్." మాట మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు. "మీ అమ్మమ్మ ఇది నాకివ్వలేదు. రూబెన్‌కిచ్చింది. వాడు నీకు చెప్తాడని నీతో అంది. నీ తండ్రిగా నేను చెప్తే ఆవిడ అనుకున్నట్టు కాదు."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"ఒక్కసారి నన్ను మావయ్యా అను."

నోరు తెరిచాను. రాలేదు. ఆ చివరి ఘడియలో ఆయన్ని మావయ్యా అంటే నాన్నా అని ఎవరిని పిలవను? నేను ఏడుస్తుంటే ఆయన తొందరపెట్టలేదు. బస్సు దగ్గరికి ముసలివాళ్ళు నడిచి వస్తుంటే స్టాపులో ఆపుకుని ఎలా చూసేవాడో అలాగే చూశాడు.

"కానియ్యవే," అన్నాడు చివరికి. "పాపం, వాడు చాలా ఏళ్ళ నుంచి నిలబడున్నాడు."

నేను వంగి, చెవి ఆయన పెదవుల దగ్గర పెట్టాను.

"చెప్పు మావయ్యా," అన్నాను.

చెప్పాడు.